‘అని’ అనే చిన్న మాటకు వెల్ష్‌లో నాలుగు రూపాలెందుకు? – అభిప్రాయం చెప్పే వాక్యాలపై చర్చ

పలుకుబడి:
వేల్స్ బడుల్లో పదహారేళ్ల వరకూ వెల్ష్ తప్పనిసరి పాఠ్యాంశం. కార్డిఫ్, స్వాన్సీ, న్యూపోర్ట్‌లలో ఉన్న తెలుగు పిల్లల పుస్తకాల్లో ‘మనెగి బార్న్’ అనే శీర్షిక తరచూ కనబడుతుంది. అభిప్రాయం వెలిబుచ్చడం అని దాని అర్థం. పిల్లలు ఒక బొమ్మనో చిన్న వ్యాసాన్నో చూసి ఏమనుకుంటున్నారో చెప్పాలి, కారణం ఇవ్వాలి, ఎదుటివారితో ఒప్పుకోవాలి లేదా విభేదించాలి.

నా ప్రశ్న ఈ నాలుగు వాక్యాల గురించి. సినిమా బాగుందని అనుకుంటున్నాను. రేపు చలిగా ఉంటుందని అనుకుంటున్నాను. ఖర్చే సమస్య అని అనుకుంటున్నాను. అది న్యాయం కాదని అనుకుంటున్నాను. తెలుగులో నాలుగింటికీ ఒకటే ‘అని’. వెల్ష్‌లోకి మారిస్తే ‘అనుకుంటున్నాను’ ఒకేలా ఉంటోంది కానీ ‘అని’ ఉండాల్సిన చోట నాలుగు వేర్వేరు మాటలు వస్తున్నాయి. దీనికి సూత్రమేమిటి? పిల్లలకు ఎలా చెప్పాలి?

ద్రుతము:
మంచి చోట పట్టుకున్నారండీ. వెల్ష్‌లో ‘నేను అనుకుంటున్నాను’ ఒక్క పూటలో వచ్చేస్తుంది. నెలల తరబడి తప్పులు జరిగేది దాని తరవాతి మాట దగ్గర.

ముందు రాత గురించి ఒక మాట. వెల్ష్ పలుకులను తెలుగు లిపిలో రాయడానికి ఈ పద్ధతి పాటిద్దాం. వాళ్ల ఒంటి డి అక్షరానికి ‘డ’, జంట డి అక్షరానికి ‘ద’. ఈ ‘ద’ పలికేటప్పుడు నాలుక పళ్లకు పూర్తిగా అతుక్కోకూడదు, సన్నగా గాలి పోవాలి. ‘థ’ కూడా అలాగే గాలితో పలికేది. ‘ఖ’ అంటే మన ‘ఖడ్గం’లోది కాదు, హైదరాబాద్ ఉర్దూలో ‘ఖబర్’ అన్నప్పుడు గొంతులో రాపిడితో వచ్చేది. జంట ఎల్‌ను ‘హ్ల’ అని రాస్తాను. నాలుకను ‘ల’ స్థానంలో ఉంచి, స్వరం లేకుండా పక్కల నుంచి గాలి వదలాలి. వాళ్ల ఒంటి ఎఫ్ మన ‘వ’, జంట ఎఫ్ మన ‘ఫ’. యు అక్షరాన్ని చూసి ‘ఉ’ అనకండి, అది ‘ఇ’. ‘ఉ’ కావాలంటే వాళ్లు డబ్ల్యు రాస్తారు.

ఇక వాక్యాలు. ‘డ్వీన్ మెదుల్’ అంటే అనుకుంటున్నాను. దీని తరవాత ఏం రావాలన్నది, లోపలి వాక్యం విడిగా నిలబడి ఉంటే దాని మొదటి మాట ఏమిటన్న దాన్ని బట్టి తేలుతుంది. అందుకని ముందు లోపలి వాక్యాన్ని విడిగా చెప్పుకోవాలి, తరవాతే దాన్ని ‘డ్వీన్ మెదుల్’కు తగిలించాలి. ఈ వరస తప్పితే మిగిలినవన్నీ తప్పుతాయి.

మొదటి వాక్యం: ‘మైర్ ఫిల్మ్ అన్ దా’, సినిమా బాగుంది. ఇందులో ‘మై’ అనేది ‘ఉంది’ అనే క్రియ. వెల్ష్ వాక్యం క్రియతో మొదలవుతుంది. దీన్ని ‘అనుకుంటున్నాను’ కింద పెడితే ఆ ‘మై’ పూర్తిగా పోతుంది, దాని స్థానంలో ‘బోడ్’ వస్తుంది: ‘డ్వీన్ మెదుల్ బోడ్ అ ఫిల్మ్ అన్ దా’. ‘బోడ్’కు విడిగా అర్థం ‘ఉండటం’. అంటే అక్షరాలా ‘సినిమా బాగా ఉండటం అనుకుంటున్నాను’ అనే కట్టుబడి. ‘ఉంది’, ‘అని’ రెండూ ఆ ఒక్క మాటలోనే ఇమిడిపోయాయి. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇక్కడే. ‘డ్వీన్ మెదుల్ మైర్ ఫిల్మ్ అన్ దా’ అనేస్తారు. మరి కొందరు జాగ్రత్త ఎక్కువై ‘బోడ్ మై’ అని రెండూ పెడతారు. రెండూ తప్పే. బోడ్ వస్తే మై ఉండదు.

రెండో వాక్యం: ‘బీద్ హీన్ ఓయిర్ అవోరి’, రేపు చలిగా ఉంటుంది. ఇక్కడ మొదటి మాట భవిష్యత్ క్రియ ‘బీద్’. ఇలాంటి క్రియను బోడ్ మింగలేదు, మింగితే భవిష్యత్తు అనే అర్థం పోతుంది. అందుకని క్రియను అలాగే ఉంచి ముందు ‘అ’ చేరుస్తారు: ‘డ్వీన్ మెదుల్ అ బీద్ హీన్ ఓయిర్ అవోరి’. ‘చేయాలి’ అనే అర్థమిచ్చే ‘డలెన్’కూ ఇదే దారి. మనం వెళ్లాలి అనుకుంటున్నాను: ‘డ్వీన్ మెదుల్ అ డలెన్ నీ విండ్’. అభిప్రాయాల్లో ఈ ‘ఇలా చేయాలి’ వాక్యాలే సగం ఉంటాయి కాబట్టి దీన్ని బాగా వంటబట్టించుకోవాలి. మాటల్లో ఈ ‘అ’ తరచూ వినబడదు, రాతలో మాత్రం ఉంచాలి.

మూడోది: ‘ఖర్చే సమస్య’. మీరు ఇక్కడ ‘ఏ’ పెట్టారు చూడండి, ఆ ‘ఏ’ కీలకం. తెలుగులో దేని మీద ఊనిక ఉందో దానికి ‘ఏ’ తగిలిస్తాం. వెల్ష్‌లో ఊనిక ఉన్న మాటను క్రియకంటే ముందుకు తెస్తారు: ‘అ గోస్ట్ యూర్ బ్రొబ్లెమ్’. వాక్యం క్రియతో మొదలవలేదు కాబట్టి బోడ్‌కు మింగడానికి ముందు ఏమీ లేదు, ‘అ’ అంటుకోవడానికీ ఏమీ లేదు. అప్పుడు ‘మై’ అనే మరో మాట వస్తుంది: ‘డ్వీన్ మెదుల్ మైర్ గోస్ట్ యూర్ బ్రొబ్లెమ్’. ఈ ‘మై’, ‘ఉంది’ అనే అర్థమున్న ‘మై’ వేర్వేరు మాటలు. రాతలో మొదటిది ఐ (i) అక్షరంతో ముగుస్తుంది, రెండోది ఇ (e) అక్షరంతో. దక్షిణాన పలుకు దాదాపు ఒకటే కావడంతో వెల్ష్ ఇంటి భాషగా ఉన్నవాళ్లు కూడా రాతలో తారుమారు చేస్తుంటారు.

నాలుగోది వ్యతిరేకం: ‘న్యాయం కాదని’. వ్యతిరేకార్థక ‘అని’ వాళ్లకు విడిగా ఉంది. అచ్చు ముందు ‘నాడ్’, హల్లు ముందు ‘నా’. ‘డ్వీన్ మెదుల్ నాడ్ యూ ఏన్ డేగ్’. భవిష్యత్తు అయితే ‘నా వీద్’, ఉండదని. మాటల్లో మాత్రం దీన్ని తప్పించుకునే సులువైన దారి ఉంది. వ్యతిరేకాన్ని బయటి క్రియకే పెట్టేస్తారు: ‘డ్వీ దిమ్ అన్ మెదుల్ బోడ్ ఏన్ డేగ్’, న్యాయమని అనుకోవడం లేదు. మనమూ అలాగే అంటాం కదా. మొదట్లో పిల్లలకు ఈ రెండోదే నేర్పండి. నాడ్ తరవాత నేర్చుకోవచ్చు.

పలుకుబడి:
చాలా స్పష్టంగా ఉందండీ. ఒక సందేహం. ‘సినిమా బాగుండింది అనుకుంటున్నాను’ అని గతంలో చెప్పాలంటే?

ద్రుతము:
‘ఉండింది’ అనే ‘రోయిద్’ను కూడా బోడ్ మింగేస్తుంది. కాబట్టి ‘బోడ్ అ ఫిల్మ్ అన్ దా’ అంటే బాగుందనీ కావచ్చు, బాగుండిందనీ కావచ్చు. చుట్టూ ఉన్న మాటలే కాలాన్ని తేలుస్తాయి. జరిగిపోయిన పని అయితే, ఉదాహరణకు ‘అతను వెళ్లాడని’, బోడ్‌తో పాటు ‘వెడి’ పెట్టండి: ‘బోడ్ ఏ వెడి మిండ్’. పుస్తకాల్లో ‘ఇదో వే విండ్’ అనే కట్టుబడి కూడా కనిపిస్తుంది. అది చదివి అర్థం చేసుకుంటే చాలు, మొదట్లో వాడనవసరం లేదు.

ఇంకొకటి. ‘అనుకున్నాను’ అని గతంలో చెప్పాలంటే ‘రోనీన్ మెదుల్’ అనాలి. మనసులో కొంతకాలం ఉన్న స్థితిని వాళ్లు సాగే గతంలో చెబుతారు. ఒక్క క్షణంలో తట్టిన ఆలోచనకే మామూలు గతకాల రూపం వాడతారు.

అచ్చుహల్లు:
ఇందులో నాకు అర్థం కానిది మాటల మొదటి అక్షరాలు. ‘డా’ అంటే మంచి అని నిఘంటువులో ఉంది, ఇక్కడ ‘దా’ అని ఉంది. ఖర్చు ‘కోస్ట్’ కదా, ‘గోస్ట్’ ఎలా అయింది? ‘ప్రొబ్లెమ్’ కాస్తా ‘బ్రొబ్లెమ్’ ఎందుకైంది?

ద్రుతము:
తెలుగు వ్యాకరణం చదివినవాళ్లకు ఇది కొత్త కాదండీ. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. కూర, కాయ కలిస్తే కూరగాయలు. తకు ద, కకు గ వచ్చాయి. గసడదవాదేశం అని బడిలో చదువుకున్నదే. పద్యాల్లో ద్రుతం తరవాత వచ్చే సరళాదేశంలో పకు బ కూడా వస్తుంది. వెల్ష్‌లో ‘మెత్తని మార్పు’ అని పిలిచేది ఈ దారిలోనే నడుస్తుంది. ప బ అవుతుంది, ట డ అవుతుంది, క గ అవుతుంది. అక్కడితో ఆగదు: బ వ అవుతుంది, డ ద అవుతుంది, మ వ అవుతుంది, హ్ల ల అవుతుంది, హ్ర ర అవుతుంది. గ అయితే పూర్తిగా లోపిస్తుంది. మొత్తం తొమ్మిది హల్లులు.

ఇదొక్కటే కాదు, ఇంకో రెండు మార్పులున్నాయి. ‘నా’ అనే అర్థమున్న ‘వ’ తరవాత అనునాసికం వస్తుంది. ‘మరియు’, ‘కంటే’, ‘తో’ లాంటి కొన్ని చిన్న మాటల తరవాత ఊపిరి చేరుతుంది. కాఫీ అనే ఒక్క మాటను తీసుకుంటే అన్నీ కనబడతాయి. విడిగా ‘కొఫి’. మెత్తబడితే ‘గొఫి’. ‘నా కాఫీ’ అన్నప్పుడు ‘వ ఙ్హొఫి’. ‘కాఫీ కంటే’ అన్నప్పుడు ‘నా ఖొఫి’. క, గ, ఙ, ఖ అన్నీ మన కవర్గంలోనివే. ఙ అనే అక్షరం అక్షరమాలలో తప్ప వాడుకలో దొరకదని బాధపడేవారికి ఇక్కడ రోజూ పని ఉంటుంది.

మీరు అడిగిన మూడింటికీ కారణాలు వేర్వేరు. ‘అన్’ తరవాత విశేషణం వస్తే మెత్తబడుతుంది, అందుకే ‘అన్ దా’. విసుగ్గా ఉంది అంటే ‘అన్ దివ్లస్’, మూలం ‘డివ్లస్’. అద్భుతం అంటే ‘అన్ వీఖ్’, మూలం ‘గ్వీఖ్’, గ ఎగిరిపోయింది. హ్ల, హ్ర మాత్రం ‘అన్’ తరవాత మారవు. ఇదే ‘అన్’ తరవాత క్రియ వస్తే ఏ మార్పూ రాదు. అందుకే ‘డ్వీన్ మెదుల్’ అంటాం, ‘డ్వీన్ వెదుల్’ అనం. విశేషణం, క్రియ అనే ఈ తేడా మరచిపోవడం తరచూ జరిగే పొరపాటు.

కోస్ట్, ప్రొబ్లెమ్ రెండూ వెల్ష్‌లో స్త్రీలింగాలు. నిర్దేశ పదం (ఇంగ్లిష్ ‘ది’ లాంటిది) ‘అ’ లేదా ‘అర్’ తరవాత స్త్రీలింగ ఏకవచనం మెత్తబడుతుంది. పుంలింగం మారదు. ‘ఫిల్మ్’ కూడా స్త్రీలింగమే కానీ, ఫకు అసలు మార్పే లేదు లెండి, అందుకే ‘అ ఫిల్మ్’ దగ్గర మీకు ఏ ఇబ్బందీ రాలేదు.

తెలుగుకూ దీనికీ పెద్ద తేడా ఒకటుంది. అన్నదమ్ములు అన్నా, అన్నతమ్ములు అన్నా మనకు అర్థం మారదు. వెల్ష్‌లో మారుతుంది. ‘ఇ వార్న్’ అంటే అతని అభిప్రాయం. ‘ఇ బార్న్’ అంటే ఆమె అభిప్రాయం. ‘ఇ’ రెండింటికీ ఒకటే, ఎవరిదో చెప్పేది ఆ మొదటి హల్లే.

అబర్‌టావె:
ద్రుతము గారు ‘బార్న్’ ప్రస్తావన తెచ్చారు కాబట్టి దాని గురించి. బార్న్ అంటే అభిప్రాయం, తీర్పు కూడా. న్యాయమూర్తి ‘బార్నుర్’. కడపటి తీర్పు దినం ‘డీద్ అ వార్న్’. ఈ బరువు వల్లే ‘అన్ వ మార్న్ ఈ’ (నా అభిప్రాయంలో) అనేది కాస్త ఆలోచించి చెబుతున్నట్టు ఉంటుంది. సభలో, వ్యాసంలో, పరీక్షలో బాగుంటుంది. టీ తాగుతూ సినిమా గురించి మాట్లాడేటప్పుడు ‘డ్వీన్ మెదుల్’ చాలు. దక్షిణాన ‘డ్వీన్ క్రెడి’ కూడా అంతే వాడుకలో ఉంది. క్రెడికి నమ్మడం అని అర్థమున్నా ఇక్కడ అనుకోవడమే.

అందరూ తడబడే చోటు ఇంకొకటుంది. ‘అన్ వ మార్న్ ఈ’ తరవాత బోడ్ రాకూడదు. అక్కడ ‘అని’ లేదు కదా! కామా పెట్టి మామూలు వాక్యం మొదలుపెట్టాలి: ‘అన్ వ మార్న్ ఈ, మైర్ ఫిల్మ్ అన్ దా’. బోడ్ బాగా అలవాటయ్యాక పిల్లలు దాన్ని ఇక్కడ కూడా పెట్టేస్తారు. ‘అన్ వ మార్న్ ఈ, డ్వీన్ మెదుల్ బోడ్…’ అని రెండూ కలిపితే వ్యాకరణం తప్పు కాదు కానీ, ఒకే మాట రెండుసార్లు చెప్పినట్టు.

ఒకరి అభిప్రాయం అడగాలంటే స్నేహితుణ్ణి ‘బేథ్ యూ డ వార్న్ డీ ఆమ్…’ అనీ, పెద్దవారిని ‘బేథ్ యూఖ్ బార్న్ ఖీ ఆమ్…’ అనీ అడగాలి. మన నువ్వు, మీరు తేడా లాంటిదే వాళ్ల టీ, ఖీ తేడా. ‘నీ’ తరవాత బ వ అవుతుంది, ‘మీ’ తరవాత ఏ మార్పూ ఉండదు. ‘ఆమ్’ తరవాత మళ్లీ మెత్తని మార్పు, ‘ఆమ్ గైర్‌డీద్’ అంటే కార్డిఫ్ గురించి.

గ్వినెద్:
ఉత్తరాది వాడుక గురించి నేను చేరుస్తాను. ఊనికకు ‘మై’ అన్నారు, అది ఉత్తరాన, రాతలో. దక్షిణాన ‘టౌ’ అంటారు: ‘టౌర్ గోస్ట్ యూర్ బ్రొబ్లెమ్’. ఉత్తరాది ఇళ్లల్లో ‘నా’ అని కూడా వినిపిస్తుంది, వ్యతిరేకార్థపు ‘నా’తో కలిసిపోయేలా ఉంటుంది, జాగ్రత్త. పిల్లల పుస్తకంలో ఏది ఉంటే అది వాడండి. జాతీయ వెల్ష్ అభ్యసన కేంద్రం పెద్దలకు నడిపే ‘డస్గి కమ్రైగ్’ తరగతుల పుస్తకాలు ఉత్తరానికి వేరుగా, దక్షిణానికి వేరుగా వస్తాయి. రెండూ కలిపి చదివితే మొదటి స్థాయి ‘మనెడ్యాడ్’లోనే తికమక పడతారు.

ఇష్టాలు చెప్పడంలోనూ తేడా ఉంది. ‘ఇష్టపడతాను’కు పాఠ్యపుస్తకంలో ‘హొఫి’ ఉంటుంది. ఉత్తరాది నోట ‘లిక్యో’, దక్షిణాది నోట ‘లికో’. ‘ఎక్కువ ఇష్టం’కు ఉత్తరాన ‘మైన్ వెహ్ల్ గెన్ ఈ’, దక్షిణాన ‘మైన్ వెహ్ల్ డా వీ’. అక్షరాలా ‘నా దగ్గర అది మేలు’. అసలు నచ్చదంటే ‘మైన్ గాస్ గెన్ ఈ’. ప్రాణమంటే ‘డ్వీ ఉర్థ్ వ మోద్’, ఇది రెండు చోట్లా ఒకటే. అతని గురించి చెబితే ‘ఉర్థ్ ఇ వోద్’, ఆమె గురించి చెబితే ‘ఉర్థ్ ఇ బోద్’.

అబర్‌టావె:
అవునండీ, ఈ ‘వెహ్ల్’ దగ్గర తెలుగువాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. మనకు ‘నాకు’ ఒకటే. ‘నాకు కాఫీ ఇష్టం’, ‘నాకు వెళ్లడమే మంచిది’ రెండింటిలోనూ ‘నాకు’. వెల్ష్‌లో ‘డా వీ’ లేదా ‘గెన్ ఈ’ పెడితే నా ఇష్టం. ‘ఈ వీ’ పెడితే నాకు మేలు, అంటే నేను అలా చేయడం మంచిది. ‘మైన్ వెహ్ల్ డా వీ విండ్’ అంటే నాకు వెళ్లడమే ఇష్టం. ‘మైన్ వెహ్ల్ ఈ వీ విండ్’ అంటే ఇక వెళ్లడం మంచిది. టీ కంటే కాఫీ ఇష్టమని చెప్పబోయి ‘ఈ వీ’ వాడితే వైద్యుడు కాఫీ తాగమన్నట్టు అర్థమవుతుంది.

పూర్తి వాక్యం: ‘మైన్ వెహ్ల్ డా వీ గొఫి నా థే’. డా వీ తరవాత కొఫి మెత్తబడి గొఫి అయింది. ‘నా’ అంటే కంటే, దాని తరవాత టే ఊపిరి చేరి థే అయింది. టీని గెలిపించాలంటే ‘డే నా ఖొఫి’.

అచ్చుహల్లు:
ఒప్పుకోవడం, విభేదించడం కూడా చెబుతారా? ‘అవును’ అనే మాట వెల్ష్‌లో లేదని ఎక్కడో చదివాను.

ద్రుతము:
ఉన్న చోట ఉంది. అడిగిన క్రియనే తిరిగి చెప్పడం వాళ్ల పద్ధతి. మనం ‘వస్తావా?’ అంటే ‘వస్తాను’ అన్నట్టే. ‘నువ్వు ఒప్పుకుంటావా?’ అంటే ‘అడు’, కాదంటే ‘నాగ్ అడు’. ‘అది న్యాయమేనా?’ అంటే ‘అడి’ లేదా ‘నాగ్ అడి’. ‘సమస్య ఏదైనా ఉందా?’ అంటే ‘ఓయిస్’ లేదా ‘నాగ్ ఓయిస్’. గతంలో చేసిన పని గురించి అడిగితే ‘డో’, ‘నాదో’. ‘ఈయె’ అనే మాట మన ‘అవును’కు దగ్గర, దాని వ్యతిరేకం ‘నాగె’. అయితే అవి ఊనిక ఉన్న ప్రశ్నకే. ‘ఖర్చేనా సమస్య?’ అని అడిగితే ‘ఈయె’. అంటే ఎక్కడ ‘మై’, ‘టౌ’ వస్తాయో అక్కడే ఈయె వస్తుంది. రెండూ ఒకే సూత్రం.

ఒప్పుకోవడానికి ‘డ్వీన్ కటీనో’, విభేదించడానికి ‘డ్వీన్ అఙ్హటీనో’. ఫలానావారితో అని చెప్పాలంటే ‘ఆ’ చేర్చాలి, దాని తరవాత ప, ట, కలకు ఊపిరి చేరుతుంది. మనుషుల పేర్లను మాత్రం మామూలుగా మార్చరు, ‘ఆ కట్రిన్’ అనే అంటారు.  అచ్చుతో మొదలయ్యే పేరుకు ‘ఆగ్’. పూర్తిగా ఒప్పుకుంటే ‘కటీనోన్ హ్లూయిర్’. కొంతవరకే అయితే ‘ఈ రదై’ చేర్చండి. పరిస్థితిని బట్టి అనాలంటే ‘మైన్ డిబన్ని’. ఏదైనా ఫరవాలేదంటే దక్షిణాన ‘స్డిమ్ ఓట్స్ డా వీ’.

పలుకుబడి:
కారణం చెప్పడానికి ‘ఎందుకంటే’?

గ్వినెద్:
‘ఆఖోస్’. దాని తరవాత కూడా అదే బోడ్: ‘ఆఖోస్ బోడ్ హీన్ హ్రీ ద్రీడ్’, మరీ ఖరీదు కాబట్టి. ‘హ్రీ’ అంటే మరీ, అది తన తరవాతి మాటను మెత్తబరుస్తుంది, డ్రీడ్ ద్రీడ్ అయింది. మాటల్లో ‘ఆఖోస్ మై’ అని వింటారు, రాతలో బోడ్ మేలు. ‘చాలా’ అనే ‘యౌన్’ మాత్రం విశేషణం తరవాత వస్తుంది, ‘అన్ దా యౌన్’.

అచ్చుహల్లు:
మీరు చెప్పినవి కలిపి చిన్న పేరా రాశాను, దిద్దండి. ‘అన్ వ మార్న్ ఈ, బోడ్ అ బుయిడ్ అన్ డా. మైన్ వెహ్ల్ ఈ వీ టే నా కొఫి. డ్వీన్ మెదుల్ మై అబర్‌టావె యూర్ గోరై.’ చివరి మైని ఇ అక్షరంతో రాశాను.

ద్రుతము:
మొదటి వాక్యంలో రెండు తప్పులు. మార్న్ ఈ తరవాత బోడ్ తీసేసి ‘మైర్ బుయిడ్’ (బుయిడ్ అంటే ఆహారం) అనండి. ‘అన్ డా’ను ‘అన్ దా’ చేయండి. రెండోదాంట్లో మూడు. ‘ఈ వీ’ స్థానంలో ‘డా వీ’ రావాలి, టే మెత్తబడి డే అవ్వాలి, కొఫి ఖొఫి అవ్వాలి. మూడోది పలకడంలో సరిగ్గానే ఉంది, స్పెల్లింగ్‌లో తప్పింది. అబర్‌టావె అంటే స్వాన్సీకి వెల్ష్ పేరు, ‘స్వాన్సీయే ఉత్తమం’ అనే ఊనిక వాక్యం కాబట్టి ఐ అక్షరంతో ముగిసే మై రాయాలి. స్వాన్సీ గురించి కాబట్టి అక్కడి వాడుకలో ‘టౌ అబర్‌టావె’ అనండి. అప్పుడు స్పెల్లింగ్ సందేహమే రాదు.

అబర్‌టావె:
రాతలో ఇంకాస్త గంభీరంగా చెప్పాలనుకునే పెద్ద పిల్లలకు ‘క్రెడావ్ వోడ్’ చూపించండి. ‘నమ్ముతున్నాను’ అనే పుస్తక రూపం అది. క్రియకే ప్రత్యయం చేరింది కాబట్టి దాని తరవాతి బోడ్ మెత్తబడి వోడ్ అయింది. వ్యాసాల్లో, సభా ప్రసంగాల్లో ఇది తారసపడుతుంది. వేల్స్ చట్టసభ సెనెద్‌లో సభ్యులు వెల్ష్‌లోనైనా ఇంగ్లిష్‌లోనైనా మాట్లాడవచ్చు. అక్కడి చర్చలు వింటే ఒకే విషయంపై పదిమంది పది రకాలుగా అభిప్రాయం చెప్పడం వినబడుతుంది. బోడ్, అ, మై, నాడ్ వచ్చిన చోట ఆపి ఎందుకొచ్చిందో రాసుకుంటే పుస్తకం కంటే త్వరగా వస్తుంది.

పలుకుబడి:
బోడ్‌కు సర్వనామాలు కలిపితే ఎలా మారుతుందో కూడా చెప్పండి. ‘నేను సరిగ్గానే ఉన్నాను అనుకుంటున్నాను’ లాంటివి రాయాల్సి వస్తోంది.

ద్రుతము:
‘నేను ఉండటం’ అన్నది ‘నా ఉండటం’ అవుతుంది, అందుకని షష్ఠీ రూపాలూ వాటి మార్పులూ వస్తాయి. వ మోడ్ ఈ (నేను), డ వోడ్ డీ (నువ్వు), ఇ వోడ్ ఏ (అతను, ఉత్తరాన చివర ఓ), ఇ బోడ్ హీ (ఆమె), అన్ బోడ్ నీ (మేము, మనం), అఖ్ బోడ్ ఖీ (మీరు), ఇ బోడ్ నూ (వాళ్లు). మాటల్లో మొదటి ముక్క పోయి ‘మోడ్ ఈ’, ‘వోడ్ టీ’ అని మిగులుతుంది. మీ వాక్యం: ‘డ్వీన్ మెదుల్ మోడ్ ఈన్ యౌన్’. ఇక్కడ యౌన్ అంటే సరి.

వీటిని పట్టికగా బట్టీ పట్టించకండి. ‘వ మార్న్, డ వార్న్, ఇ వార్న్, ఇ బార్న్’ వచ్చిన పిల్లకు ‘వ మోడ్, డ వోడ్, ఇ వోడ్, ఇ బోడ్’ వచ్చినట్టే. మొదటి హల్లు రెండింటికీ బయే.

గ్వినెద్:
ఈ మార్పులన్నీ ఒక్కచోట చూడాలంటే ఒక సామెత ఉంది: ‘హ్రీద్ ఈ బౌబ్ ఇ వార్న్, అగ్ ఈ బోబ్ బార్న్ ఇ హ్లవర్’. ప్రతివారికీ తమ అభిప్రాయంపై స్వేచ్ఛ, ప్రతి అభిప్రాయానికీ తన గొంతుపై స్వేచ్ఛ అని భావం. మొదటి సగం రోజువారీ మాటల్లో కూడా విడిగా వస్తుంది, వాదన ముదిరినప్పుడు ‘మీ ఇష్టం మీది’ అన్నట్టు.

అందరూ అనే ‘పౌబ్’, ‘ఈ’ తరవాత ‘బౌబ్’ అయింది. ‘వారి’ అనేది పుంలింగ ఏకవచనంగా ఉంది కాబట్టి బార్న్ వార్న్ అయింది. ‘ప్రతి’ అనే ‘పోబ్’ కూడా అలాగే ‘బోబ్’ అయింది, కానీ పోబ్ తన తరవాతి మాటను మార్చదు, అందుకే అక్కడ బార్న్ చెక్కుచెదరలేదు.

అచ్చుహల్లు:
చివర ‘ఇ హ్లవర్’ అనే ఉందే. మొదటి సగంలో ‘ఇ’ తరవాత వార్న్ మెత్తబడింది కదా, హ్ల కూడా ల అయి ‘ఇ లవర్’ అవ్వాలి కదండీ?

గ్వినెద్:
ఆ గొంతు మనిషిది కాదండీ, అభిప్రాయానిది. బార్న్ స్త్రీలింగం, కాబట్టి ఈ ‘ఇ’ ‘ఆమె’ అనే అర్థంలోది. ‘ఆమె’ తరవాత ప, ట, కలకే ఊపిరి చేరుతుంది, హ్ల అలాగే ఉంటుంది. ‘ఇ లవర్’ అని రాస్తే ఆ గొంతు పుంలింగమైన మరి దేనిదో అవుతుంది.